పది నిమిషాల బస్సు, నలభై నిమిషాల కారు

నా పేరు నాగబాబు. ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి, రెండున్నరేళ్ల కిందట రిటైరయ్యాను. ఇది నా కథ కాదు, జగ్గమ్మ కథ. అయితే ఇందులో ఒక తెలివితక్కువ పని ఉంది, అది చేసింది మాత్రం నేను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి మీ చేత అయ్యో అనిపించుకోవాలన్న సరదా నాకు లేదు.

గజపతినగరం దాటి సాలూరు వైపు నాలుగు కిలోమీటర్లు వెళితే రోడ్డుకి ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. షెడ్డు ముందు కొంత ఖాళీ జాగా. అంతా కలిపి పన్నెండు సెంట్లు. మొగుడు పోయాక, జాగా అమ్మేసి పుట్టింటికి పొమ్మని బంధువులు చెబితే, "పుట్టింటికెల్లి ఎవలి కూడు తినాల? నాను పొయ్యెట్టుకుంతాను" అని జగ్గమ్మ అక్కడ టిఫిన్ హోటలు పెట్టింది. ఇరవై ఆరేళ్లు నడిపింది. దానికి పేరు లేదు, బోర్డు లేదు. విశాఖపట్నం నుంచి సాలూరుకీ, పార్వతీపురానికీ, రాయగడకీ పోయే పొద్దుటి బస్సులు నాలుగు ఆ ఖాళీ జాగాలోకి దిగి పదేసి నిమిషాలు ఆగేవి. ఆ పదేసి నిమిషాల మీదే ఆవిడ బతికింది. ఊళ్లోవాళ్లు తినే టిఫిన్లు పొయ్యిలో కర్రలకి కూడా చాలవు.

పది నిమిషాల్లో నలభై మందికి టిఫిన్ పెట్టడమంటే ఆషామాషీ కాదు. నమ్మకపోతే మీ ఇంట్లో పదిమందికి పెట్టి చూడండి. దానికి మాకో పద్ధతి ఉండేది. గజపతినగరం బస్సు కాంప్లెక్సులోంచి బండి కదలగానే నేను ఫోను చేసేవాణ్ని. "నలభై రెండు. పిల్లలు ఆరుగురు." అంతే, పెట్టేసేవాణ్ని. సెల్లు ఫోన్లు రాకముందు, ముందు పోయే లారీవాడి చేత కబురంపేవాణ్ని. బస్సు జాగాలోకి దిగేసరికి బల్లల మీద ప్లేట్లు పరిచి, వాటిలో పొగలు కక్కే ఇడ్లీలు పెట్టి, జగ్గమ్మ పక్కన బొంబాయి చట్నీ బకెట్టుతో నిలబడేది. "బేగి రాండి, బేగి రాండి. పిల్లల్ని ముందు కూకోబెట్టండి. సన్నీళ్లు ఆ కుండలో ఉన్నాయి." ఎలీసమ్మ అని ఆవిడ దగ్గర పదిహేనేళ్లుగా పని చేసే మనిషి ఇంకో వాయి దింపుతూ ఉండేది. పదో నిమిషానికి నేను విజిలు వేసేవాణ్ని. నా సర్వీసులో జగ్గమ్మ దగ్గర బస్సు తప్పిపోయిన ప్రయాణికుడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

డ్రైవరూ కండక్టరూ మాత్రం లోపల పొయ్యి పక్కన పీటలేసుకుని తినేవాళ్లం. డబ్బులు తీసుకునేది కాదు. ఆ రోడ్డు పొడుగునా అన్ని హోటళ్లలోనూ ఇదే ఆచారం. దీన్ని లంచం అనే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్లు ఒక్క ఏడాది తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ ఎక్కి చూడమనండి, తరవాత మాట్లాడదాం. రిటైరయ్యాక మొదటిసారి నా స్కూటరు మీద వెళ్లి తిని డబ్బులివ్వబోతే జగ్గమ్మ గరిటె ఎత్తింది. "రిటైరైనోడికి ఆకలెయ్యదేటి? లోపలెట్టు బాబూ" అంది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే అక్కడికే పోయి కూర్చోవడం అలవాటైపోయింది. ఇంట్లో మా ఆవిడ కూడా హాయిగా ఉండేది.

ఇక దేవేంద్ర సంగతి. కిందటేడు వేసవిలో ఒక రోజు, ఆఖరి బస్సు వెళ్లిపోయాక, ఒక కుర్రాడు కారు దిగి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. శ్రీకాకుళం వాడు. ఎలక్ట్రిక్ కార్లకి ఛార్జర్లు పెట్టే కంపెనీలో పని. మర్యాద తెలిసినవాడు. వచ్చిన వెంటనే రెండు ఇడ్లీ తిన్నాడు, డబ్బులిచ్చాడు, తరవాత మొదలుపెట్టాడు.

"అమ్మా, బండికి పెట్రోలు కొట్టించడానికి ఎంతసేపు పడతాది?"

"నాకేటి తెల్సు బాబూ. నాకు బండీ లేదు, గిండీ లేదు."

"ఐదు నిమిషాలు. అదే కరెంటు కారుకి ఛార్జింగు పెట్టాలంటే నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ కారోడు ఏటి సేస్తాడు?"

"కూకుంతాడు."

"కూకుని?"

జగ్గమ్మ కాస్త ఆలోచించింది. "ఆకలేస్తే తింతాడు."

"అదే కదమ్మా సంగతి!" అని దేవేంద్ర బల్ల మీద చరిచాడు. అప్పుడు వివరంగా చెప్పాడు. పెద్ద హోటళ్లు, బట్టల కొట్లు, కల్యాణ మండపాలు, ఆఖరికి ఆసుపత్రులు కూడా ఛార్జర్లు ఎందుకు పెట్టించుకుంటున్నాయనుకున్నారు? కరెంటు అమ్ముకుందామని కాదట. మిషను కంపెనీదే, కరెంటు బిల్లు కంపెనీదే, జాగా ఇచ్చినవాళ్లకి ఏదో కొంచెం అద్దె. అసలు లాభం వేరే ఉంది. నలభై నిమిషాలు మనిషి మన వాకిట్లో ఇరుక్కుపోతాడు. బట్టల కొట్టయితే చీర చూస్తాడు, హోటలయితే టిఫిన్ తింటాడు. పైగా ఛార్జరు ఎక్కడుందా అని ఫోనులో వెతుక్కునే ప్రతివాడికీ మన పేరు కనిపిస్తుంది. సాలూరు దాటాక ఘాట్ రోడ్డు కాబట్టి కొండెక్కే ముందు ఛార్జింగు నింపుకుందామని అందరూ ఇక్కడే చూస్తారు. ఇంకో మాట కూడా అన్నాడు. రెండు కిలోమీటర్ల అవతల ఏసీ హోటలు కడుతున్నారు, మీరు వద్దంటే వాళ్ల దగ్గర ఎలాగూ వస్తుంది.

ఆ మాట జగ్గమ్మకి తగిలింది. ఆవిడ భయం ఆవిడది. బస్సులో టిఫిన్ డబ్బాలు తెచ్చుకునేవాళ్లు ఎక్కువయ్యారు. కొత్త బస్సులు కొన్ని గజపతినగరంలో కూడా ఆగకుండా పోతున్నాయి. దేవేంద్ర వెళ్లాక నాతో అంది: "బాబూ, ఎప్పుడో ఓపాలి ఈ బస్సులోళ్లు నన్నొగ్గేత్తే నానేటైపోతాను? కార్లు కూడా వస్తే ఒక దన్నుంతాది కదా."

బస్సు పోతుందేమోనన్న భయంతోనే ఆవిడ ఆ ఛార్జరు ఒప్పుకుంది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆశ పడింది, ఆశకి పోయింది అని ఊళ్లో ఇప్పుడు వాగేవాళ్లకి నేను జవాబు చెప్పలేక చస్తున్నాను.

వారం తరవాత దేవేంద్ర టేపు పట్టుకుని వచ్చాడు. జాగాలో సున్నంతో గీతలు గీశాడు. ట్రాన్స్‌ఫార్మరుకి ఒక మూల, మిషనుకి దిమ్మ, రెండు కార్లు నిలబడే చోటు, అవి తిరగడానికి చోటు. గీతలన్నీ గీసేసరికి జాగాలో సగం పైన అందులోకి వెళ్లిపోయింది. జగ్గమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"మరి బస్సేదీ?" అంది.

దేవేంద్ర మోసగాడు కాదు. ఉన్నదున్నట్టే చెప్పాడు. "ఈ గీతల్లో వేరే బండి పెట్టకూడదమ్మా, అగ్రిమెంటులో అలాగే ఉంది. మిగిలిన జాగాలో బస్సు పడతాదో లేదో మరి..." అని నా వైపు తిరిగాడు. "సార్, మీరు బస్సులో చేశారు కదా. మీరు సెప్పండి."

ఇదిగో, ఇక్కడ. ఇక్కడే నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

నా ఉద్యోగం మొత్తం ఒకే ఒక్క మాట మీద నడిచింది. "కొంచెం జరగండమ్మా." ఈ మాటతో ముగ్గురు కూర్చునే సీటులో నలుగుర్ని కూర్చోబెట్టాను. జీడిపప్పు బస్తాలు ఎక్కించాను, కోళ్ల గంపలు ఎక్కించాను, ఒకసారి పెళ్లివారి బీరువా కూడా ఎక్కించాను. చిరాకు పడ్డవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు, కానీ జరగనివాణ్ని మాత్రం నేను చూడలేదు. మనుషులు జరుగుతారు, బండ్లూ జరుగుతాయి, ఎక్కడైనా ఇంత చోటు దొరుకుతుంది. ముప్పై రెండేళ్లు ఇదే నిజమని నమ్మి బతికిన మనిషికి ఇంకోలా ఎలా తోస్తుంది? మీసం సవరించుకుని మరీ చెప్పాను.

"బస్సొచ్చేసరికి కారోళ్లు పది నిమిషాలు పక్కకి జరుగుతారు, మళ్లీ వచ్చి పెట్టుకుంతారు. దానికేటి? రోడ్డు మీద బతికినోణ్ని, నాకు తెలీదేటి? సంతకం పెట్టు జగ్గమ్మా."

"నువ్వు సెప్తే సరే బాబూ" అంది. దేవేంద్ర తటపటాయించాడు, నాకు బాగా గుర్తు. కానీ నా ధీమా చూసి ఊరుకున్నాడు. తొమ్మిదేళ్ల అగ్రిమెంటు. జగ్గమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. దాని కింద సాక్షిగా నేను పెట్టాను.

దసరా నాటికి మిషను నిలబడింది. ఆయుధ పూజ రోజున జగ్గమ్మ దానికి పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టింది. దేవేంద్ర పక్కనే ఉండి, "తెర మీద మాత్రం బొట్టెట్టకమ్మా, వేలితో నొక్కితే పన్జెయ్యదు" అని బతిమాలాడు. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. ఎలీసమ్మ చర్చికి పోయే మనిషి కదా, అది కూడా తన వంతుగా నాలుగు మాటలు ప్రార్థన చేసింది. ఇద్దరు దేవుళ్ల దగ్గరా చెప్పుకున్న మిషను అది.

కార్లు వచ్చాయి. అబద్ధం చెప్పను, రోజుకి ఐదారు వచ్చేవి. మొదటి రోజు జగ్గమ్మ కారు దగ్గరికి ప్లేట్లు తీసుకుని పరిగెత్తింది. లోపలున్న ఆయన అద్దం దించి, "తినేసి బయల్దేరామండీ, థాంక్స్" అని మళ్లీ ఎక్కించేసుకున్నాడు. ఆయన భార్య దిగి వచ్చి వాష్‌రూమ్ ఉందా అని అడిగింది. జగ్గమ్మ చూపించింది. ఆవిడ వెళ్లి అంతే వేగంగా వెనక్కొచ్చేసింది. ఆ సిగ్గుతో జగ్గమ్మ నెల తిరక్కుండా టైల్స్ వేయించి కొత్త బాత్రూము కట్టించింది. అప్పుడు అందరూ అది మాత్రం వాడుకున్నారు. ఏసీ వేసుకుని కార్లోనే కూర్చుంటారు, ఫోన్లు చూసుకుంటారు, పిల్లలు వెనక సీట్లో బొమ్మలు చూస్తారు, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకుంటారు. కొందరు టీ తాగేవాళ్లు. ఒకాయన మాత్రం వచ్చినప్పుడల్లా నాలుగు ఇడ్లీ తిని, చట్నీ బావుందని చెప్పి వెళ్లేవాడు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

మొదటి గొడవ కార్తీక మాసంలో వచ్చింది. వనభోజనాలకి కొండల వైపు పోయే కార్లు పొద్దున్నే తయారయ్యాయి. గీతల్లో రెండు కార్లు ఛార్జింగులో ఉన్నాయి, వాటి వెనక ఇంకోటి వంతు కోసం నిలబడింది. అప్పుడే రాయగడ బస్సు వచ్చి జాగా మొదట్లో ఆగిపోయింది. డ్రైవరు లక్ష్ముడు. నాతో తొమ్మిదేళ్లు డ్యూటీ చేసినవాడు, నన్ను మావా అంటాడు. హారన్ కొట్టాడు. నేను లేచి చొక్కా సర్దుకుని మొదటి కారు అద్దం మీద తట్టాను.

"సార్, కొంచెం ముందుకి జరపండి. బస్సొచ్చింది."

"ఛార్జింగ్‌లో ఉందండీ. కదలదు."

"పది నిమిషాలు సార్. మళ్లీ పెట్టుకుందురు గాని."

ఆయన ఓపిగ్గానే చెప్పాడు. తాడు చివరుండే గన్ను కారుకి తాళం పడి ఉంటుందట. మధ్యలో ఆపేస్తే ఆ వంతు అక్కడితో అయిపోయినట్టేనట, వెనకున్న కారువాడు పెట్టేసుకుంటాడట. ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది, ఏమీ అనుకోకండి అన్నాడు. రెండో కారాయన అయితే తెర చూపించాడు, పద్దెనిమిది. నేను ఆ నల్లటి తాడు వైపు చూశాను. నా బొటనవేలంత కాదు, మణికట్టంత లావుంది. మనిషికైతే నాలుగు మాటలు చెప్పొచ్చు, దబాయించొచ్చు, తమాషా చేసి నవ్వించొచ్చు. తాడుతో కట్టేసిన కారుని ఏం చేస్తాం? అంత పెద్ద సంగతి నాకు ఆ రోజుదాకా తట్టనే లేదు.

లక్ష్ముడు బస్సుని రోడ్డు పక్కనే ఆపాడు. సగం రోడ్డు మీద, సగం మట్టిలో. జనం దిగి తిన్నారు. ఆ రోజుకి గడిచింది. తరవాత వారంలో రెండు రోజులు, మూడు రోజులు, ఆపైన పొద్దుటి కార్లు పెరిగి రోజూ అలాగే. జగ్గమ్మ తెల్లారకుండానే లేచి జాగాలో బల్ల అడ్డం పెట్టి చూసింది. కారువాళ్లెవరో కంపెనీకి ఫిర్యాదు పెట్టారు, దేవేంద్ర ఫోను చేసి, "అమ్మా, అలా సెయ్యకండి, నా ఉద్యోగానికొస్తాది" అన్నాడు. ఆవిడ బల్ల తీసేసింది. ఎవరి ఉద్యోగానికి ఏమొస్తుందన్నా ఆవిడ తట్టుకోలేదు.

పుష్యమాసం మంచులో జరగాల్సింది జరిగింది. ఏడూ నలభైకి లక్ష్ముడి బస్సు రోడ్డంచున ఆగి ఉంది. ప్రయాణికులు చాలామంది దిగి షెడ్డులో ఉన్నారు. వెనక నుంచి రాళ్ల లారీ ఒకటి వచ్చి, మంచులో ఆఖరి నిమిషంలో బస్సుని చూసి బ్రేకు తొక్కి, జారుకుంటూ వచ్చి వెనక మూలని కొట్టింది. ఆ చప్పుడికి జగ్గమ్మ చేతిలో చట్నీ బకెట్టు కింద పడిపోయింది. నేను పరిగెత్తాను. వెనక సీట్లో దిగకుండా కూర్చున్న ముసలాయన ఒకడు సీట్ల మధ్య పడి ఉన్నాడు. చెయ్యి విరిగింది. ప్రాణానికి ప్రమాదం లేదు. ఆయన పార్వతీపురంలో మనవరాలి బారసాలకి పోతున్నాడు. నొప్పితో మూలుగుతూనే, "నా సంచీ సూడు బాబూ, అందులో ఎండి మొలతాడున్నాది" అని నన్ను అడిగాడు. జగ్గమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుని అంబులెన్సు వచ్చేదాకా రోడ్డు మీదే కూర్చుంది.

లక్ష్ముణ్ని పదిహేను రోజులు సస్పెండు చేశారు. రోడ్డు మీద బండి ఆపినందుకు. తప్పేముంది? కాగితం ప్రకారం వాడిదే తప్పు. ఇక మీద అక్కడ ఏ బస్సూ ఆగకూడదని ఆర్డరు వచ్చింది. టిఫిన్‌కి బండి పూర్తిగా రోడ్డు దిగి నిలబడే జాగా ఉన్న చోటే ఆపాలి. అంత జాగా ఎక్కడుంది? రెండు కిలోమీటర్ల అవతల, కొత్త ఏసీ హోటలు దగ్గర. వాళ్లకి అరెకరం ఉంది. ఒక పక్క నాలుగు ఛార్జర్లు పెట్టారు, ఇంకో పక్క మూడు బస్సులు నిలబడతాయి. జాగా ఉన్నవాడికి ఛార్జరూ లాభమే, బస్సూ లాభమే. పన్నెండు సెంట్లవాడికి ఏదో ఒకటే. ఈ లెక్క మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ని నేనే అయితే ఇంకెవరు చెబుతారు, నా మొహం!

సస్పెన్షను అయ్యాక లక్ష్ముడు డ్యూటీ ఎక్కే ముందు రోజు తన మోటారు సైకిలు మీద వచ్చాడు. అక్క వరస పెట్టి అప్పా అని పిలుచుకునే జగ్గమ్మకి మొహం చూపించకుండా బస్సు నడుపుకుని పోలేక వచ్చాడు. పొయ్యి పక్కన పీట వేసి ఆవిడ ఇడ్లీ పెట్టింది. వాడు తల వంచుకుని ఒక్కొక్క ముక్కే తిన్నాడు.

"అప్పా, నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది. పిల్ల ఇంజినీరింగు సదువుతంది. నానాపలేను."

"నువ్వేటి సేత్తావురా. తిను. సట్నీ ఏసుకో."

"నన్ను తిట్టప్పా."

"ఎందుకు తిడతాను? ముసిలోడి సెయ్యి ఇరిగింది సాలదేటి? రేపు ఇంకోడి పేనం పోతే?"

వాడు నా వైపు చూశాడు. నేను బయటికి వచ్చేశాను. వాడూ తిట్టలేదు, ఆవిడా తిట్టలేదు. ఒక్కరైనా నన్ను ఒక మాట అంటే ఎంత సుఖంగా ఉండేదో. సాక్షి సంతకం నాది, మీసం సవరించుకుంది నేను. ఆవిడ నోటంట ఒక్కసారి కూడా "నువ్వే కదా సెప్పినావు" అన్న మాట రాలేదు. ఈ రోజుకీ రాలేదు.

చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోలేదు. బస్సు ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్లాను. నాతో పని చేసినవాళ్లే సీట్లలో ఉన్నారు, టీ ఇప్పించారు, బాగున్నావా అన్నారు. "జాగా చూపించు నాగబాబూ, రేపే ఆపిస్తాం" అన్నారు. జాగా ఉంటే నేనెందుకు వస్తాను? షెడ్డు వెనక్కి జరిపితే బస్సు పడుతుందేమోనని టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను. వెనక కాలవ గట్టు. పక్కన పొలం అమ్మమని అడిగితే రైతు నవ్వి ఊరుకున్నాడు.

దేవేంద్రని పిలిపించాం. జగ్గమ్మ కొంగు బిగించి నిలబడి, "బాబూ, మీ అద్దె నాకొద్దు. ఇచ్చింది కూడా ఎనక్కిచ్చేత్తాను. మీ మిసను పట్టుకుపోండి" అంది.

"తొమ్మిదేళ్లమ్మా. మజ్జిలో వద్దంటే ట్రాన్స్‌ఫార్మరుకీ, లైనుకీ, మిషనుకీ అయిన ఖర్చు మీరు కట్టాల." అని అంకె చెప్పాడు. అది విని జగ్గమ్మ నవ్వింది. నిజంగానే నవ్వింది. ఆవిడ జీవితంలో పోసిన ఇడ్లీలన్నీ మళ్లీ పోసినా అంత రాదు.

"పోనీ బస్సొచ్చే ఏల గంటసేపు ఆపెయ్యండి."

"ఫోనులో ఇరవై నాలుగ్గంటలని పెట్టేశారమ్మా. నేను జీతగాణ్ని. మా పైవాళ్లకి రాస్తాను, ఒట్టు." రాశాడు కూడా. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. పదిరోజులకి జవాబు వచ్చింది, ఫోనులో చదివి వినిపించాడు. మీ సూచనకు ధన్యవాదాలు, మీవంటి భాగస్వాములు మాకెంతో విలువైనవారు అని ఉంది. జగ్గమ్మ శ్రద్ధగా విని, "మంచిగానే రాసినారు" అంది. మళ్లీ కాసేపటికి, "అయితే తీత్తారా, తియ్యరా?" అని అడిగింది.

ఎలీసమ్మని ఆవిడే పంపించేసింది. కొత్త హోటల్లో ఇడ్లీ పోసేవాళ్లు కావాలని తెలిసి, "ఎల్లవే, ఇక్కడ నీకు పనేటున్నాది, నాకే లేదు" అంది. అది వెళ్లనని రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు వెళ్లింది. ఇప్పుడు జగ్గమ్మ ఒక్కతే తెల్లారి ఒక వాయి వేస్తుంది. ఊళ్లో వాళ్లు పదిమంది తింటారు. ఎనిమిదింటికి పొయ్యి ఆర్పేస్తుంది. నాలుగు బస్సులూ వరసగా ముందు నుంచి వెళ్లిపోతాయి.

ఆ తరవాత ఆవిడ చేసే పని ఆ మిషనుకి కాపలా. ఎవరూ చెయ్యమనలేదు, జీతం లేదు. కళ్ల ముందు మనిషి అవస్థ పడుతుంటే ఆవిడ కూర్చోలేదు. ఎన్ని కార్లకి పెట్టడం చూసిందో, ఏ కారుకి ఎటు పక్క మూత ఉంటుందో ఆవిడకి తెలుసు. తెర ఆగిపోతే ఎక్కడ నొక్కాలో తెలుసు. కొత్తవాళ్లు గన్ను పట్టుకుని తికమకపడుతుంటే కొంగుకి చేతులు తుడుచుకుంటూ వెళుతుంది. "గట్టిగా నొక్కాల బాబూ. టక్కుమని సప్పుడు రావాల. అదిగో, పచ్చలైటొచ్చినాది."

మొన్న ఆదివారం తొమ్మిదింటికి నేను అక్కడే ఉన్నాను. తెల్ల కారు ఒకటి వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. కోరాపుట్ పోతున్నారట. జగ్గమ్మే గన్ను పెట్టింది. ఆ అమ్మాయి కారు దిగి, ఫోను చూసుకుంటూ, "ఆంటీ, ఇక్కడ హోటల్ ఉందని చూపిస్తోందండీ. టిఫిన్ ఉంటుందనే వచ్చాం. పిల్లలు ఏమీ తినలేదు" అంది.

దేవేంద్ర చెప్పినట్టే జరిగింది చూడండి. నలభై నిమిషాలున్నాయి, ఆకలితో ఉన్న పిల్లలున్నారు, ఫోను చూసి జగ్గమ్మ వాకిట్లోకే వచ్చారు. నేను ఆవిడ మొహం వైపు చూశాను.

"లేదమ్మా. అయిపోనాది" అంది జగ్గమ్మ. పిల్లల్ని చూసింది. చిన్నది నాలుగేళ్లుంటుంది, తల్లి చున్నీ పట్టుకుని నిలబడింది.

"దగ్గర్లో ఇంకెక్కడైనా మంచిది ఉందా ఆంటీ?"

జగ్గమ్మ రోడ్డు వైపు చెయ్యి చాపింది. "ఛార్జింగయినాక రెండు కిలోమీటర్లు ముందుకెల్లండమ్మా. ఎడం పక్కన పెద్ద హోటలుంతాది. బస్సులాగుంతాయి, సూత్తే తెలిసిపోతాది. ఇడ్లీ బాగుంతాది. మా ఎలీసమ్మే ఏస్తాది. పిల్లలికి కారం తక్కువ సట్నీ అడగండి, ఇత్తాది."

అంతవరకూ పిల్లలు ఆకలికి ఆగలేరని లోపలికి వెళ్లి రెండు అరటిపళ్లు తెచ్చి చేతుల్లో పెట్టింది. ఆ అమ్మాయి డబ్బులివ్వబోతే వద్దంది.

నాకు ఏడుపు వచ్చింది. అరవై రెండేళ్లవాణ్ని, బల్ల మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. కార్లోవాళ్లు చూసే ఉంటారు. జగ్గమ్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏటయ్యింది బాబూ? టిఫిను తిన్నావా?" అంది.

తిన్నానని అబద్ధం చెప్పాను.